మొదట తక్కువ అన్నారు, ఇప్పుడు ఎక్కువ అంటున్నారు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఏడో తరగతి చదువుతోంది. తొమ్మిదేళ్లప్పుడు గొంతు ముందు కాస్త వాపు కనిపిస్తే పరీక్ష చేయించాం. థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్ 14 వచ్చింది, యాంటీ టీపీఓ అనే యాంటీబాడీ 600 పైన ఉంది. హషిమోటో అనే థైరాయిడ్ జబ్బు అన్నారు. థైరాయిడ్ తక్కువగా ఉందని రోజూ మాత్ర మొదలుపెట్టారు. మూడేళ్లు బాగానే గడిచింది. ఈ వేసవి సెలవుల తర్వాత నుంచి పిల్ల చిక్కిపోతోంది. 38 కిలోలు ఉండేది, 34కి వచ్చింది. తిండి తగ్గలేదు, రెండోసారి అడిగి మరీ అన్నం పెట్టించుకుంటోంది. ఊరికే చిరాకు పడుతోంది, చదువు మీద ధ్యాస లేదు, మార్కులు పడిపోయాయి. కోపం పట్టలేక ఒకరోజు చెయ్యి చేసుకున్నాను కూడా. పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ, థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 మాత్రం ఎక్కువగా 3.2. డోసు ఎక్కువైందేమోనని మాత్ర ఆపించారు. ఆపి ఆరు వారాలైంది, మళ్లీ చేయిస్తే అలాగే ఉంది. ఇప్పుడు ఇంకో డాక్టర్ హైపర్, అంటే థైరాయిడ్ ఎక్కువ అంటున్నారు. మొదటి డాక్టర్ తప్పు మందు ఇచ్చారా? మూడేళ్లు అనవసరంగా మాత్ర మింగించామా? మా అత్తగారు ఇది మా పుట్టింటి వైపు నుంచే వచ్చిందంటున్నారు. ఇంట్లో సైంధవ లవణం వాడుతున్నాం, క్యాబేజీ మానేశాం. జుట్టు రాలుతోందని బయోటిన్ గమ్మీలు ఇస్తున్నాను. ఆడపిల్ల, రేపు పెళ్లి, పిల్లలు అంటే ఏం చెయ్యాలో తెలియక నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి, ఖమ్మం జిల్లా)

జవాబు: అమ్మా, మీరు చాలా సంగతులు అడిగారు. కానీ ఒక్క వాక్యంలో రాసి దాటేసిన చెయ్యి చేసుకున్న సంగతి దగ్గరే నేను ఆగిపోయాను. అక్కడి నుంచే మొదలుపెడతాను.

థైరాయిడ్ హార్మోన్ ఒంట్లో ఎక్కువైన పిల్లలు కుదురుగా కూర్చోలేరు. రాత్రి సరిగ్గా నిద్రపోరు. చిన్న మాటకే ఏడుస్తారు, అరుస్తారు. పుస్తకం తెరిచినా పేజీ ముందుకు పోదు. గుండె దడదడలాడుతున్నా అది జబ్బని వాళ్లకు తెలియదు, కాబట్టి చెప్పరు. అందుకే ఇంట్లో పొగరు అనుకుంటారు, స్కూల్లో అల్లరి అనుకుంటారు. కొందరికైతే ఏకాగ్రత లోపం ఉందని ముద్ర పడి, థైరాయిడ్ పరీక్ష నెలల తరబడి వెనక్కి పోతుంది.

ఇలాంటి ఒక పాప నోట్‌బుక్కు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. జూన్ నెల పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, గీత మీద ముత్యాల్లా ఉన్నాయి. సెప్టెంబర్ పేజీలకు వచ్చేసరికి గుండ్రాలు మూసుకోవడం లేదు, కొమ్ములు వణుకుతున్నాయి, ఒత్తులు కింది గీతలోకి జారిపోయాయి. టీచర్ ఎర్ర సిరాతో 'శ్రద్ధ లేదు' అని రాశారు. పాపను చేతులు ముందుకు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పెట్టాను. కాగితం అంచులు ఫ్యాన్ గాలికి ఊగినట్టు సన్నగా కదిలాయి. అప్పుడు ఫ్యాన్ ఆపేసి ఉంది.

మీరూ ఈ సాయంత్రం అలా చేసి చూడండి. ఈ ఏడాది మొదట్లో రాసిన నోట్సు, ఇప్పటి నోట్సు పక్కపక్కన పెట్టండి. తర్వాత అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, నీ చిరాకు నీ తప్పు కాదు, ఒంట్లో ఒక హార్మోన్ ఎక్కువై అలా ఉంటోంది, మందు వేసుకుంటే తగ్గుతుంది అని చెప్పండి. కొట్టినందుకు బాధగా ఉందని కూడా చెప్పండి. పన్నెండేళ్ల పిల్లకు అర్థమవుతుంది. తనకేదో అయిపోతోందని ఆమెకు మీకంటే ముందే తెలిసి ఉంటుంది.

ఇక మొదటి డాక్టర్ తప్పు చేశారా అన్నది. చేయలేదు. తొమ్మిదేళ్ల పిల్లకు గొంతు ముందు వాపు, టీఎస్‌హెచ్ 14, యాంటీబాడీలు అంత ఎక్కువ. ఆ మూడింటినీ ఒకే కాగితం మీద చూసిన ఏ పిల్లల డాక్టరైనా మాత్ర ఇస్తారు. టీఎస్‌హెచ్ 5కు కాస్త పైన, 10 లోపు ఉంటే కొన్నాళ్లు ఆగి మళ్లీ చూద్దాం అనొచ్చు. చాలామంది పిల్లల్లో అది దానంతట అదే దిగుతుంది కూడా. 10 దాటితే ఆగడం మంచిది కాదు, ఎందుకంటే పిల్లలు పెరిగే వయసులో ఉంటారు. థైరాయిడ్ తగ్గినప్పుడు పిల్లల్లో మొదట ఆగేది ఎత్తే. బరువు పెరిగిందని గమనించినంత త్వరగా, ఎత్తు ఆగిందని ఇంట్లో ఎవరూ గమనించరు. ఆ మూడేళ్లలో మీ అమ్మాయి బాగా పెరిగిందంటే, ఆ మాత్ర తన పని తాను చేసింది. అనవసరంగా మింగించారని బాధపడకండి.

రెండో డాక్టర్ కూడా తప్పు చెప్పలేదు. ఇద్దరూ ఒకే పిల్లను చూశారు, కానీ ఆమె జబ్బు రెండు వేర్వేరు దశల్లో ఉండగా చూశారు.

మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ బయటి క్రిములతో పోరాడాలి. కొందరిలో అది పొరబడి సొంత థైరాయిడ్ గ్రంథి మీదే పడుతుంది. ఫుకువోకాలో పనిచేసిన జపాన్ సర్జన్ హకారు హషిమోటో 1912లో నలుగురు ఆడవాళ్ల థైరాయిడ్ గ్రంథులను మైక్రోస్కోపు కింద చూసి, వాటి నిండా తెల్ల రక్తకణాలు చేరి ఉన్నాయని రాశారు. అవి అక్కడికి ఎందుకు చేరాయో అప్పట్లో తెలియదు. 1956లో లండన్ పరిశోధకులు ఈ జబ్బున్నవాళ్ల రక్తంలో సొంత థైరాయిడ్ మీదే పనిచేసే యాంటీబాడీలను పట్టుకున్నారు. అదే సంవత్సరం న్యూజిలాండ్‌లో ఆడమ్స్, పర్వ్స్ అనే ఇద్దరు, గ్రేవ్స్ జబ్బు ఉన్నవాళ్ల రక్తంలో థైరాయిడ్‌ను అదేపనిగా ఉరికించే పదార్థం ఒకటి ఉందని చూపించారు. అది కూడా యాంటీబాడీయే అని తర్వాత తేలింది. ఒకటి గ్రంథిని నెమ్మదింపజేసే జబ్బు, ఇంకొకటి పరుగెత్తించే జబ్బు. చూడటానికి ఉత్తర దక్షిణాల్లా ఉంటాయి, కానీ పుట్టింది ఒకే వేరు నుంచి. అందుకే ఒకే ఇంట్లో అక్కకు హషిమోటో, చెల్లెలికి గ్రేవ్స్ ఉండటం చూస్తాం. అప్పుడప్పుడు ఒకే పిల్లలో మొదట ఒకటి, కొన్నేళ్లకు రెండోది కూడా చూస్తాం. తరచుగా జరగదు, కానీ పిల్లల ఎండోక్రైనాలజిస్టులకు, అంటే హార్మోన్ల డాక్టర్లకు, ఇది కొత్త విషయమూ కాదు.

మీ అమ్మాయికి ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్పడానికి మీకు తెలిసిన రైస్ మిల్లును తీసుకుంటాను. థైరాయిడ్ గ్రంథి ఒక మిల్లు. అది హార్మోన్ తయారుచేయడమే కాదు, కొన్ని వారాలకు సరిపడా సరుకు బస్తాల్లో నిల్వ కూడా ఉంచుకుంటుంది. రక్తంలో హార్మోన్ ఎక్కువగా కనిపించడానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, హషిమోటో దాడిలో బస్తాలకు చిల్లులు పడి నిల్వ సరుకు బయటికి కారిపోవడం. మిల్లు ఆడకపోయినా గింజలు మాత్రం ఊరంతా కనిపిస్తాయి. బస్తాలు ఖాళీ అయ్యాక, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో, ఇది దానంతట అదే ఆగిపోతుంది. దీన్ని హషిటాక్సికోసిస్ అంటారు. రెండోది, మిల్లే ఆగకుండా ఆడటం. ఎంత ఆడాలో ఆర్డరు పంపేది మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి. ఆ ఆర్డరు పేరే టీఎస్‌హెచ్. గ్రేవ్స్‌లో ఒక యాంటీబాడీ ఆ ఆర్డరు వచ్చే చోట కూర్చుని, రాత్రింబవళ్లు ఆడించమని తానే చెబుతుంది. పిట్యూటరీ తన ఆర్డరు పూర్తిగా ఆపేసినా మిల్లు ఆగదు. మీ అమ్మాయి టీఎస్‌హెచ్ 0.01 కంటే కిందికి పోయిందంటే అర్థం అదే, పైనుంచి ఆర్డరు ఆగిపోయింది.

విచిత్రం ఏమిటంటే, అదే చోట కూర్చుని ఆర్డరును లోపలికి రానివ్వని యాంటీబాడీ కూడా ఒకటుంది. అది ఉన్నప్పుడు మిల్లు పడుకుంటుంది. ఒకే మనిషిలో ఈ రెండు రకాలూ ఉండొచ్చు. కొన్నాళ్లు ఒకదానిది పైచేయి, కొన్నాళ్లు ఇంకోదానిది. అందువల్లే కొందరు పిల్లలు తక్కువ నుంచి ఎక్కువకు, ఎక్కువ నుంచి మళ్లీ తక్కువకు మారతారు.

మాత్ర డోసు ఎక్కువై ఇలా వచ్చిందేమో అన్న అనుమానం సంగతి. మీ అమ్మాయి వేసుకున్న థైరాయిడ్ మాత్ర, లెవోథైరాక్సిన్, మింగాక ఒంట్లో దాని మోతాదు సగానికి రావడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. అంటే ఆరు వారాల్లో దాదాపు ఏమీ మిగలదు. మీరు ఆపి ఆరు వారాలైనా టీ4 దిగలేదంటే ఆ హార్మోన్ డబ్బాలోంచి వస్తున్నది కాదు, అమ్మాయి ఒంట్లోంచే వస్తోంది.

ఇక్కడ ఆ బయోటిన్ గమ్మీల సంగతి తప్పకుండా చెప్పాలి. చాలామంది తల్లులకు ఇది తెలియదు, ల్యాబులో కూడా అడగరు. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని రకాల మెషీన్లలో థైరాయిడ్ పరీక్ష తలకిందులుగా వస్తుంది. టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, టీ4 లేనంత ఎక్కువగా చూపిస్తుంది. గ్రేవ్స్ యాంటీబాడీ కూడా ఉన్నట్టు చూపించగలదు. ఏ జబ్బూ లేని పిల్లకు అచ్చం హైపర్ రిపోర్టు వస్తుంది. మీ అమ్మాయి విషయంలో అదొక్కటే కారణం అనుకోను, బయోటిన్ వల్ల నాలుగు కిలోలు తగ్గరు కదా. అయినా గమ్మీలు ఇవాళే ఆపండి. మూడు నాలుగు రోజులు ఆగి, అప్పుడు రక్తం ఇవ్వండి. ఏ తయారీ, ఎన్ని ఇచ్చారో డాక్టర్‌కు చెప్పండి, డబ్బా వెంట తీసుకెళ్లండి. జుట్టు రాలడం హార్మోన్ వల్లే కావొచ్చు. అది అదుపులోకి వస్తే జుట్టూ నిలుస్తుంది.

ఆ రక్తంతోనే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, టీ3లతో పాటు ట్రాబ్ అనే పరీక్ష చేయించమని అడగండి. గ్రేవ్స్‌ను పట్టించేది అదే. యాంటీ టీపీఓ మళ్లీ చేయించాల్సిన పని లేదు. అది ఉందని మూడేళ్ల కిందే తెలిసింది. 600 ఇప్పుడు 900 అయినా 300 అయినా వైద్యం మారదు. ఆ అంకె చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది, మీరు వాళ్లలో చేరకండి. ట్రాబ్‌తో తేలకపోతే గొంతు అల్ట్రాసౌండ్‌లో రక్త ప్రసరణ చూస్తారు, లేదా టెక్నీషియం స్కాన్ చేస్తారు. మిల్లు ఆడుతుంటే స్కాన్‌లో గ్రంథి వెలిగిపోతుంది, బస్తాలు కారుతుంటే మసకగా ఉంటుంది.

నా అనుమానం ఏమిటో కూడా చెప్పేస్తాను, మీకు ఎదురుచూసే ఓపిక ఉండదు. బస్తాలు కారడం చాలా వరకు హషిమోటో మొదలైన కొత్తలో జరుగుతుంది. మూడేళ్ల తర్వాత ఇంత బరువు తగ్గి, ఆరు వారాలైనా టీ4 దిగలేదంటే నేను గ్రేవ్స్ వైపే చూస్తాను. పరీక్ష వచ్చే వరకు అది అనుమానమే.

బస్తాలు కారుతున్నాయని తేలితే, హార్మోన్ తయారీని ఆపే మందు ఇవ్వరు, ఎందుకంటే తయారీ అక్కడ లేదు. గుండె దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ ఇచ్చి, కొన్ని వారాలకోసారి పరీక్ష చేస్తూ కనిపెట్టి ఉంటారు. అమ్మాయికి ఉబ్బసం ఉంటే ఆ మాట ముందే చెప్పండి, అప్పుడు ఆ మందు పనికిరాదు. నిల్వ అయిపోయాక తరచుగా థైరాయిడ్ తక్కువలోకి పోతుంది, పాత మాత్ర మళ్లీ వస్తుంది.

గ్రేవ్స్ అని తేలితే పిల్లలకు ఇచ్చేది కార్బిమజోల్, లేదా దాని దగ్గరి చుట్టం మెథిమజోల్. ప్రొపైల్‌థయోయురాసిల్ అనే ఇంకో పాత మందు ఉంది. అది పిల్లల కాలేయాన్ని బాగా దెబ్బతీయగలదని 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరిక పెట్టింది, కాబట్టి పిల్లలకు మామూలుగా వాడరు. కార్బిమజోల్ మొదలుపెట్టాక నెల, నెలన్నరలో పిల్ల కుదుటపడుతుంది. టీఎస్‌హెచ్ మాత్రం ఇంకా కొన్ని నెలలు అడుగునే ఉండొచ్చు. దాన్ని చూసి మందు పనిచేయడం లేదనుకోవద్దు, ఆ దశలో చూడాల్సింది టీ4, టీ3లను.

ఈ మందుతో ఒక్క జాగ్రత్త మాత్రం ఫ్రిజ్ మీద కాగితం అంటించి రాసుకోండి. మందు మొదలైన తర్వాత, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, జ్వరం వచ్చినా, గొంతు నొప్పి వచ్చినా, నోట్లో పుండ్లు వచ్చినా మాత్ర ఆపి అదే రోజు తెల్ల రక్తకణాల పరీక్ష చేయించి డాక్టర్‌కు చూపించాలి. తెల్లకణాలు పడిపోవడం చాలా అరుదు, కానీ జరిగినప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. పారాసిటమాల్ వేసి రేపు చూద్దాం అనుకోవద్దు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా అంతే.

మందు ఎన్నాళ్లు? రెండు మూడేళ్లు తప్పదు, చాలామంది పిల్లలకు ఇంకా ఎక్కువే. రెండేళ్ల మందు తర్వాత ఆపితే జబ్బు తిరిగి రాకుండా ఉండేది పిల్లల్లో సుమారు నాలుగో వంతు మందికే. ఎక్కువ కాలం వాడితే ఆ అవకాశం పెరుగుతుంది. ఇది ముందే చెప్పకపోతే రెండేళ్ల తర్వాత మీరు మోసపోయినట్టు బాధపడతారు. మందుతో కుదరని పిల్లలకు ఆపరేషన్, రేడియో అయోడిన్ ఉన్నాయి. వాటి గురించి ఇప్పుడు ఆలోచించకండి, ఆ రోజు వస్తే అప్పుడు మాట్లాడుకుందాం. మధ్యలో మళ్లీ తక్కువలోకి మారితే మాత్రం ఆశ్చర్యపోకండి. పిల్ల మందకొడిగా, చలి చలి అంటూ, మలబద్ధకంతో కనిపిస్తే తేదీ రాకపోయినా పరీక్ష చేయించండి. ఈ జబ్బులో ఒకసారి పేరు పెట్టేసి, అదే చీటీ మీద ఏళ్ల తరబడి మందు కొనుక్కుంటూ పోవడమే అసలు ప్రమాదం. తమంతట తాము ఆపేయడం రెండో ప్రమాదం. శాశ్వతంగా మాయం చేస్తామని ఫోన్లో వచ్చే ప్రకటనల జోలికి పోవద్దు, చేతులు జోడించి అడుగుతున్నాను.

ఉప్పు సంగతి. అయోడైజ్డ్ ఉప్పుకే తిరిగి వెళ్లండి. మన దేశంలో ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలని నియమం పెట్టింది ఊరికే కాదు. ఎదిగే పిల్లలకు, రేపు తల్లులయ్యే ఆడపిల్లలకు అది అవసరం. సైంధవ లవణంలో ఆ భరోసా ఉండదు. ఇంట్లో వాడే ఉప్పుతో ఈ జబ్బు ముదరదు. వద్దనేది సముద్రపు నాచుతో చేసే కెల్ప్ క్యాప్సూళ్లు, విడిగా అమ్మే అయోడిన్ చుక్కలు. క్యాబేజీ కూర వండుకుని తినండి, వారానికి రెండుసార్లు తింటే ఏమీ కాదు. ఇప్పుడు పిల్లకు కావాల్సింది తిండి. ఆకలి అంటే పెట్టండి. పప్పు, గుడ్డు, పెరుగు, పల్లీలు, రాత్రి పడుకునే ముందు పాలు. ఎముకలకు కూడా అవి కావాలి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే బయటికి పోయి తాగమనడం కాదు, మానమనండి. ఈ జబ్బులో కళ్లు ఉబ్బడం, మంట, ఎర్రబడటం సిగరెట్ పొగతో ఎక్కువవుతాయి.

హార్మోన్ అదుపులోకి వచ్చేదాకా పరుగు పందాలు, కబడ్డీ వద్దని స్కూలుకు చీటీ రాయించి ఇవ్వండి. క్లాస్ టీచర్‌కు కూడా విషయం చెప్పండి, మార్కుల కోసం ఆమెను నిలబెట్టకుండా ఉంటారు. పడుకుని ఉన్నప్పుడు కూడా నాడి నిమిషానికి 140 దాటుతున్నా, గట్టి జ్వరంతో పాటు వాంతులు, మాట తడబాటు ఉన్నా అది అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మీ అత్తగారి మాటకు కూడా జవాబు చెబుతాను, ఆవిడకు చదివి వినిపించండి. ఈ జబ్బు వచ్చే స్వభావం రెండు వైపుల నుంచి కొంచెం కొంచెంగా వస్తుంది. ఒక్క జన్యువు కాదు, చాలా ఉంటాయి. వాటికి తోడు వయసు, ఆడపిల్ల కావడం, ఇంకా మన చేతిలో లేనివి కలుస్తాయి. కోడలి పుట్టింటిది అని వేలు చూపించే పరీక్ష ఏదీ లేదు. ఆవిడకే థైరాయిడ్ మాత్ర ఉంటే డాక్టర్‌కు చెప్పండి, కుటుంబ చరిత్రలో అదీ రాసుకుంటారు. మీ ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే గొంతు, ఎత్తు గమనిస్తూ ఉండండి. ఈ ఉత్తరం చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక్క మాట: డౌన్ సిండ్రోమ్, టర్నర్ సిండ్రోమ్, టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లలకు ఏ లక్షణమూ లేకపోయినా ఏడాదికోసారి థైరాయిడ్ పరీక్ష చేయించాలి. మొదటి రెండు సిండ్రోమ్‌లలో హషిమోటో నుంచి గ్రేవ్స్‌కు ఇలా మారడం మిగతా పిల్లల కంటే ఎక్కువగా చూశారు.

పెళ్లి గురించి. మందుతో హార్మోన్ అదుపులో ఉన్న అమ్మాయి అందరిలాగే రజస్వల అవుతుంది, చదువుకుంటుంది, ఉద్యోగం చేస్తుంది, పెళ్లి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది. గర్భం వచ్చినప్పుడు మాత్రం, అప్పటికి జబ్బు పూర్తిగా నెమ్మదించినా, చిన్నప్పుడు గ్రేవ్స్ ఉండేదని చూసే డాక్టర్‌కు మొదటి నెలల్లోనే చెప్పాలి. ఆ యాంటీబాడీ బిడ్డకు చేరే అవకాశం ఉంటుంది కాబట్టి జాగ్రత్తగా చూస్తారు. ఈ సంగతి మీ అమ్మాయికే తెలిసి ఉండాలి, దాచిపెట్టకండి.

రేపు ఉదయం అమ్మాయి నిద్ర లేవకముందు, ఆమె మణికట్టు మీద మీ రెండు వేళ్లు పెట్టి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. వారం రోజులు అలా చేసి తేదీ, అంకె, బరువు ఒక చిన్న పుస్తకంలో రాయండి. మూడేళ్ల కిందటి మొదటి రిపోర్టు నుంచి ఇప్పటిదాకా అన్నీ తేదీల వరుసలో ఫైల్ చేయండి. స్కూల్లో కొలిచిన ఎత్తులు దొరికితే అవీ పెట్టండి. ఖమ్మంలో పిల్లల ఎండోక్రైనాలజిస్ట్ దొరక్కపోతే వరంగల్ గానీ హైదరాబాద్ గానీ వెళ్లి ఒకసారి చూపించుకోండి, తర్వాతి పరీక్షలు మీ ఊళ్లోనే చేయించుకోవచ్చు. కానీ ఇంత బరువు తగ్గిన పిల్లను పెద్ద డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం నెల రోజులు ఆపకండి. ఈ వారంలోనే మీ పిల్లల డాక్టర్‌కు చూపించి దడకు మందు మొదలుపెట్టించండి. ట్రాబ్ రిపోర్టు చేతికి వచ్చాక నాకు మళ్లీ రాయండి.